చెక్కగోడలో కన్నం

ఎవరిస్తో మన్సియా రేపెప్పుడైనా పోతే అతని శవపెట్టె మొయ్యడానికి నన్ను పిలవొద్దని మా ఆవిడ నెల్లికి ఇప్పుడే చెప్పి పెట్టాను. అతను మా అమ్మాయికి జ్ఞానతండ్రి. చర్చిలో ఫాదరు దాని తల మీద నీళ్ళు పోస్తుంటే పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డవాడు. మా దగ్గర అలాంటివాడు తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలవకూడదు, కొంపాద్రే అనాలి. పన్నెండేళ్ళు అన్నాను. ఇక అనను. ఎవరిస్తో మన్సియా, ఎల్ సొకవోన్ గ్యాలరీ అనే కొట్ల సముదాయం, కింది అంతస్తు, నూట నలభై తొమ్మిదో కొట్టు. పక్కన నూట నలభై ఎనిమిది నాది. అంటే, నాదిగా ఉండేది.

ఆ కొట్టు నాకెవరూ దానం చెయ్యలేదు. తొంభై ఏడులో మున్సిపాలిటీ వాళ్ళు నీళ్ళ గొట్టాలు పెట్టి లీమా పేవ్‌మెంట్ల మీద నుంచి మమ్మల్ని ఊడ్చేశారు. అప్పుడు మూడు వందల మందిమి సంఘం కట్టి, మూతబడ్డ నూలు మిల్లు స్థలం కొన్నాం. ఆదివారాలు మా కొండ ఊళ్ళలో కాలవ పూడిక తీసినట్టే ఇంటికొకరు చొప్పున వచ్చి మట్టి మోశాం. నేను మోసిన ఇటుకలు నాకు తెలుసు. గోడలు లేచాక ఒక ముసలాయన టోపీలో చీట్లు వేసి తీశాం. నాకు నూట నలభై ఎనిమిది, ఎవరిస్తోకి నూట నలభై తొమ్మిది. అలా పరిచయం. తర్వాత స్నేహం. తర్వాత చర్చి, కొవ్వొత్తి.

రెండు కొట్లకీ మధ్యన పల్చటి చెక్క అడ్డు. మొదటి ఏడాదే దానికి అరచెయ్యి పట్టేంత కన్నం కోశాం. రంపం నాది, పెన్సిల్ గీత అతనిది. ఆ కన్నంలోంచి చిల్లర వెళ్ళేది, మధ్యాహ్నం కోడి సూపులోకి నిమ్మకాయ ముక్క వచ్చేది, నా సోల్డరింగ్ గన్ను వెళ్ళి రెండు రోజులకి తిరిగొచ్చేది. ఎదురుగా ఎవరైనా బేరగాడు విసిగిస్తుంటే అవతల నుంచి చిన్నగా కూనిరాగం వినిపించేది. నాకు నవ్వాగేది కాదు.

నా పని టీవీకి తగిలించే వీడియో ఆటల మెషీన్లు బాగుచెయ్యడం. ఆరో తరగతితో బడి వదిలేసి ఒక రేడియో మెకానిక్కు దగ్గర కాళ్ళు పట్టి నేర్చుకున్న చెయ్యి ఇది. వెంట్రుకంత తీగని వణక్కుండా అతికించగలను. చదువుకున్నవాళ్ళు ఆ పనిని పెద్ద పెద్ద మాటల్లో చెబుతారు కానీ విషయం చిన్నది. కంపెనీవాడు ప్రతి డిస్కు అంచునా ఒక గుర్తు పెడతాడు. మెషీను ముందు ఆ గుర్తు చూస్తుంది. జపాన్ మెషీనుకి జపాన్ గుర్తు కావాలి, అమెరికా మెషీనుకి అమెరికా గుర్తు కావాలి. లేకపోతే ఆడదు. దొంగ కాపీకి అసలు గుర్తే ఉండదు, అదీ ఆడదు. నేను లోపల ఒక చిప్పు పెడతాను. మెషీను గుర్తేదని అడిగినప్పుడల్లా చిప్పు ఉందిలే అంటుంది. అంతే. దేశం చూసే తాళమూ అదే, దొంగ కాపీని ఆపే తాళమూ అదే. రెండు తలుపులకి ఒకటే తాళం బిగించినవాడు కంపెనీవాడు, నేను కాదు. ఒకటి తీసి ఒకటి మూసి ఉంచమంటే దేవుడి వల్ల కూడా కాదు.

మా వాళ్ళు ఎంతమంది జపాన్ ఫ్యాక్టరీల్లో పనికి వెళ్ళారో లెక్కలేదు. పిల్లలకి అక్కడి నుంచి మెషీను పంపేవాళ్ళు. ఇక్కడ దొరికే అసలు డిస్కులన్నీ అమెరికావి. తండ్రి చెమటోడ్చి పంపిన మెషీను, తల్లి నోరు కట్టుకుని కొన్న డిస్కు, రెండూ అసలువే, రెండూ ఒకే కంపెనీవే. కలపండి, ఆడవు. ఆ తల్లి ఎవరికి చెప్పుకోవాలి? మా దేశంలో ఆ కంపెనీకి ఒక్క సర్వీసు సెంటరు లేదు. చెడిపోయిన మెషీను పట్టుకుని వెళ్ళడానికి ఒక్క గుమ్మం లేదు. లాయర్లకి మాత్రం ఎనిమిదంతస్తుల మేడలో ఆఫీసు ఉంది.

అమెరికాతో వ్యాపార ఒప్పందం కుదిరాక మా ప్రభుత్వంవాళ్ళు చట్టం మార్చారు. కాపీ కొట్టడం ఒక్కటే కాదు, తాళం తియ్యడం కూడా నేరమన్నారు. గ్యాలరీలో అందరం విన్నాం. ఎవరూ పని మానలేదు. వానలు పడని ఊళ్ళో గొడుగుల మీద చట్టం చేస్తే ఎవడు పట్టించుకుంటాడు?

మాకు వేరే చట్టం ఉంది. మెషీను మూసి స్క్రూ మీద ఎవరి స్టిక్కరు వాళ్ళు అంటిస్తాం. నా స్టిక్కరు పసుపు రంగు. ఫావుస్తో సుల్కా, కొట్టు నూట నలభై ఎనిమిది, మూడు నెలల గ్యారంటీ. స్టిక్కరు నీదైతే పని నీది. ఆ మూడు నెలల్లో బేరం తిరిగొస్తే, పెళ్ళి భోజనం మధ్యలో ఉన్నా లేచి బాగుచెయ్యాలి. తన స్టిక్కరుని తనది కాదన్నవాడికి మా కింది అంతస్తులో టీ కూడా పొయ్యరు. ఒకడు అలా అన్నాడు, ఆరు నెలల్లో కొట్టు అమ్ముకుని పోయాడు.

ఇది నేనెందుకు చెబుతున్నానంటే, వాళ్ళు నన్ను పట్టుకున్నది దీంతోనే.

ఆ ఏడాది ఆగస్టులో ఒక ఆవిడ వచ్చింది. ఆకుపచ్చ స్వెట్టరు, చేతిలో మెషీను, రెండు అసలు డిస్కులు. రసీదు మీద మిలాగ్రోస్ తోవర్ అని రాయించుకుంది. ఆ పేరు నిజమో కాదో ఇప్పటికీ తెలీదు.

"మేస్త్రీ, మా ఆయన నగోయా నుంచి పంపాడు. ఆడట్లేదు. వాడేమో పొద్దస్తమానం ఏడుపు."

"పిల్లాడా, మీ ఆయనా?"

"ఇద్దరూనూ" అని నవ్వింది.

మంచి మనిషే అనుకున్నాను. చిప్పు పెట్టాను. ఆవిడ డిస్కులే వేసి చూపించాను, ఆడాయి. పసుపు స్టిక్కరు అంటించి పంపాను. ఇరవై రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట బ్రీఫ్‌కేసు పట్టుకున్న ఒకాయన.

"మా అన్నయ్య" అంది. "మెషీను మళ్ళీ మొండికేసింది మేస్త్రీ. మీ స్టిక్కరే కదా ఇది? మీరు పెట్టిందే కదా చిప్పు?"

"నాదే. నేను పెట్టిందే. గ్యారంటీలో ఉంది, మీరు పైసా ఇవ్వక్కర్లేదు. కూర్చోండి."

ఎంత గర్వంగా అన్నానో. ఆ అన్నయ్య తల ఊపుతూ విన్నాడు. మెషీను విప్పాను. తీగ ఒకటి విడిపోయి ఉంది. నా అతుకు ఊడలేదు, మధ్యలో కోసినట్టు ఉంది, బ్లేడుతో కోస్తే ఉండేంత నున్నగా. చూశాను. చూసి కూడా, పిల్లాడు ఏదో గెలికి ఉంటాడనుకున్నాను. ఇరవై ఏళ్ళు ఆ పని చేసినవాణ్ణి, కోసిన తీగకీ తెగిన తీగకీ తేడా తెలిసినవాణ్ణి. అనుమానం బేరం మీద కాదు, పిల్లాడి మీద పడింది.

కొత్త తీగ అతికించాను. పని అయ్యాక బేరం ఎదుటే ఆడించి చూపించడం పద్ధతి.

"మీ డిస్కులు తెచ్చారా అమ్మా?"

"అయ్యో, ఇంట్లో మర్చిపోయానే."

నా దగ్గర ఉన్న అసలు డిస్కు రోజుకి పదిసార్లు తిరిగి తిరిగి గీతలు పడి పాడైపోయింది. అప్పుడు, ఏళ్ళ తరబడి రోజూ చేసే పనే చేశాను. తల తిప్పకుండా చెయ్యి కన్నంలో పెట్టాను.

"కొంపాద్రే, ఒక డిస్కు ఇయ్యి."

"ఏది కావాలి? ఫుట్‌బాలా, తుపాకులా?"

"ఏదోటి. ఆడితే చాలు."

అరచేతిలో డిస్కు పడింది. ఎవరిస్తో అమ్మేది కాపీలు. గోడ నిండా కాపీలే, మూడు వేలు ఉండేవి. నేను చూడలేదు. చూడాలని తోచలేదు. నిమ్మకాయ ముక్క అందుకున్నప్పుడు ఏ చెట్టుదని అడుగుతామా? వేశాను. ఫుట్‌బాల్ గ్రౌండు వచ్చింది, జనం కేకలు వచ్చాయి. అన్నయ్య బ్రీఫ్‌కేసు తెరిచి కాగితం తీశాడు. ఆయన అన్నయ్య కాదు, కళ్ళతో చూసింది రాసుకుపోవడానికి కంపెనీ లాయర్లు పంపిన నోటరీ. టైము రాసుకున్నాడు, పదకొండు ఇరవై.

మెట్ల మీద ఈల వినిపించింది. దాడి వస్తే మా వాళ్ళు వేసే ఈల. వంద షట్టర్లు ఒక్కసారి కిందికి జారాయి, భూకంపం వచ్చినంత చప్పుడు. నా షట్టరు మాత్రం జారలేదు, ఆ ఆకుపచ్చ స్వెట్టరు ఆవిడ దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్రాసిక్యూటరు, నలుగురు పోలీసులు దిగారు. ఎవరిస్తో తన షట్టరు వేసి లోపలే ఉండిపోయాడు. లైటు ఆర్పేశాడు.

పోలీసు మెషీనులోంచి డిస్కు తీసి వేలికి తగిలించి తిప్పాడు.

"ఇదెవరిది?"

నేను చెక్కగోడ వైపు చూశాను. కన్నంలో ఒక కన్ను ఉంది. అవతల చీకట్లో తెల్లగా. రెప్ప కొట్టలేదు.

"నాదే" అన్నాను. "టెస్టింగుకి వాడుకునేది."

రాశారు. సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పక్కవాడి పేరు పోలీసుకి చెప్పినవాడు మా దగ్గర మనిషి కాదు. పైగా అతను కొవ్వొత్తి పట్టినవాడు. ఒక్క డిస్కే కదా, చిప్పు కేసు నా మీద ఉండనే ఉంది, దాని పక్కన ఇంకొక్కటి అనుకున్నాను. ఆ ఒక్క మాట బరువెంతో తెలీలేదు.

మర్నాడు ఎవరిస్తో ఇంటికొచ్చాడు. అప్పటికే అతని గోడలు ఖాళీ. మూడు వేల డిస్కులు రాత్రికి రాత్రి ఏ బావమరిది ఇంటికో చేరాయి. కొట్టు నిండా ఫోను కవర్లు, చార్జర్లు వేలాడుతున్నాయి.

నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. "నా పేరు నీ నోట్లోంచి రాలేదు కొంపాద్రే. మా అమ్మ కడుపున పుట్టినవాడు కూడా ఇలా చెయ్యడు."

"సర్లే. చొక్కా తడిసిపోతోంది."

"నీ కొట్టు మీద ఎవడి చెయ్యీ పడనివ్వను. నేను సంఘం సెక్రటరీని. నేనున్నాను."

నెల్లి వంటింట్లోంచి చూస్తోంది. అతను వెళ్ళాక అంది: "అంత ఏడుపు ఎందుకు? పట్టుబడింది నువ్వు కదా?"

"మంచివాడే. జడిశాడు."

"జడిసినవాడు మంచివాడుగా ఎన్నాళ్ళుంటాడు?"

ఆడవాళ్ళకి అన్నీ అనుమానమే అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ అప్పుడప్పుడూ దెప్పుతుంది. దెప్పనీ.

కొట్టు పోయే ప్రమాదం ఎక్కడ ఉందంటే, కోర్టులో కాదు, సంఘంలో ఉంది. గ్యాలరీలో అమ్మిన సరుకు విషయంలో సభ్యుడికి శిక్ష పడితే అతని కొట్టు సంఘానికి పోతుందని మాకు రూలుంది. ఒకప్పుడు కింది అంతస్తులో ఇద్దరు దొంగ ఫోన్లు అమ్మి గ్యాలరీ మొత్తానికి సీలు వేయించబోయారు. అప్పుడు పెట్టుకున్నాం. చెయ్యెత్తి ఓటేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. రెండు చేతులూ ఎత్తాను, అంత కోపంగా ఉన్నాను ఆ రోజు.

లాయరు ఫీజు కోసం సంఘం కోడి భోజనాలు పెట్టింది. ఎవరికి కష్టమొచ్చినా మా దగ్గర అంతే. టికెట్లు అచ్చు వేసి ఇంటింటికీ అంటగట్టి, వీధిలో పెద్ద మూకుళ్ళు పెట్టి మిరపకాయ ముద్ద పట్టించిన కోడి వేయిస్తాం. ఆ రోజు మూకుడు దగ్గర నిలబడ్డది ఎవరిస్తోనే. ఏప్రను కట్టుకుని, నూనె చిందుతున్నా కదలకుండా నాలుగు వందల ముక్కలు వేయించాడు. వచ్చిన ప్రతివాడికీ నా భుజం చరిచి చూపించాడు. "ఇదీ మగాడంటే. చూసుకోండి." నేను సిగ్గుపడి తల దించుకున్నాను. పొగ వల్ల కళ్ళలో నీళ్ళొచ్చాయి, కొంత పొగ వల్ల కాదు.

మా లాయరు రోక్సానా బెహరానో అని ముప్పై ఏళ్ళ పిల్ల. మా దగ్గర లాయర్లని కూడా డాక్టరనే పిలవాలి, పిలవకపోతే ఫైలు తెరవరు. ఈవిడ మాత్రం పేరు పెట్టి పిలవమంది. నేను డాక్టరమ్మా అనే అన్నాను.

"టెస్టు డిస్కు మీదేనా?" అని అడిగింది.

"అవును డాక్టరమ్మా."

"ఎక్కడ కొన్నారు?"

"గుర్తులేదు."

"ఆటేమిటి?"

"కార్లు... ఏదో రేసు."

ఫైలు నా వైపు తిప్పింది. "ఫుట్‌బాలండీ. ఇంత దరిద్రంగా అబద్ధమాడేవాణ్ణి దొంగంటే నేనే నమ్మను. ఎవర్ని దాస్తున్నారు?"

"ఎవర్నీ లేదు."

"సరే. ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పండి. మరీ ఆలస్యం చెయ్యకండి. కోర్టులో రెండో మాటకి విలువ ఉండదు."

చెప్పలేదు. ఆవిడ చెప్పమన్న ప్రతిసారీ మూకుడు దగ్గర ఏప్రను కట్టుకున్న మనిషి కళ్ళ ముందుకొచ్చేవాడు.

విచారణ మొదలైంది. బెహరానో డాక్టరమ్మ మాట్లాడుతుంటే, నేను ఇరవై ఏళ్ళు చేసిన పనిని మొదటిసారి ఒకరు గౌరవంగా చెప్పడం విన్నాను. బల్ల మీద జపాన్ మెషీను పెట్టింది, చిప్పు లేనిది. రసీదుతో సహా కొన్న అమెరికా అసలు డిస్కు వేసింది. మెషీను ఎర్ర అక్షరాల్లో వద్దంది. నేను చిప్పు పెట్టిన మెషీనులో అదే డిస్కు వేసింది. ఆడింది.

"ఈ డిస్కు ఎవరూ కాపీ కొట్టలేదు జడ్జిగారూ. రాసినవాడికి డబ్బు ముట్టింది. కంపెనీకి ముట్టింది. అయినా తాళం పడింది. అంటే ఈ తాళం కాపలా కాస్తోంది రచయిత హక్కుకి కాదు, ఏ దేశంలో ఎంతకి అమ్మాలన్న కంపెనీ ధరల పట్టీకి. ధరల పట్టీకి కాపలా కాయమని మన చట్టం ఎక్కడా చెప్పలేదు."

జడ్జి కళ్ళజోడు తీసి ముందుకి వంగాడు. "ఈ రెండు తాళాలూ విడివిడిగా పెట్టి ఉండొచ్చు కదా?" అని కంపెనీ నిపుణుణ్ణి అడిగాడు.

ఆ సూటు మనిషి నీళ్ళు తాగాడు. "పెట్టొచ్చు. ఖర్చు ఎక్కువ."

కోర్టులో ఎవరో నవ్వారు. నేను నెల్లి వైపు తిరిగాను. ఆవిడ వేళ్ళతో కొట్టు తాళంచెవి తిప్పుకుంటోంది, మొహంలో వెలుగు ఉంది. ఆ ఒక్కరోజు, ఆరో తరగతి చదివిన ఫావుస్తో సుల్కా మాట ఎనిమిదంతస్తుల మేడకి సమాధానం చెప్పింది. అది నా దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు. మిగతావన్నీ తీసుకున్నారు.

తర్వాతి వాయిదాకి ప్రాసిక్యూటరు ఒక ఫోటో తెచ్చాడు. చెక్కగోడలో కన్నం. దాన్ని మనిషంత ఎత్తున గోడ మీద వేసి చూపించాడు. అంచులు చేతులు రాసుకుని నునుపు తేలి ఉన్నాయి.

"తాళాల గురించి చాలా విన్నాం. ఈ కన్నం గురించి విందాం. ఇటు చిప్పు, అటు దొంగ డిస్కు. రెండు కొట్లు కావివి, ఒకటే దుకాణం. నోటరీ కళ్ళ ముందు ఆడింది అసలు డిస్కు కాదు, కాపీ. సాక్షిని పిలవండి."

సాక్షి ఎవరిస్తో మన్సియా.

మా అమ్మాయికి కొవ్వొత్తి పట్టిన రోజున వేసుకున్న కోటే వేసుకొచ్చాడు. నా వైపు చూడలేదు. జడ్జి వైపు చూసి మెత్తగా చెప్పాడు.

"నేను కవర్లు, చార్జర్లు అమ్ముకునేవాణ్ణి సార్. డిస్కులు సుల్కావి. ఆయన కొట్టు ఇరుకు. పట్టవని కన్నంలోంచి నా వైపు పెట్టేవాడు. పక్కవాడు కదా అని ఊరుకున్నాను. అవి ఏమిటో నాకేం తెలుసు? నాకు మెషీను ఆన్ చెయ్యడం కూడా రాదు."

నేను లేచాను. బెహరానో డాక్టరమ్మ కోటు పట్టుకుని లాగింది, ఆగలేదు.

"ఏ చేత్తో డిస్కు ఇచ్చావురా? చూపించు. ఏది కావాలి, ఫుట్‌బాలా, తుపాకులా అని అడిగింది ఎవర్రా? మెషీను ఆన్ చెయ్యడం రానివాడివి, శనివారాలు మా అమ్మాయితో ఆడి ఓడిపోయి రిమోట్ విసిరేసింది ఎవరు?"

"కూర్చోండి" అన్నాడు జడ్జి. తర్వాత నాకు మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఆయనే అడిగాడు, నిదానంగా, తెలుసుకోవాలన్నట్టే. "డిస్కు ఆయనదే అంటున్నారు. మరి మొదటి రోజు పోలీసులకి మీదే అని ఎందుకు చెప్పారు? సంతకం కూడా పెట్టారు."

"అప్పుడాయన నా కొంపాద్రే సార్."

"అర్థం కాలేదు."

"నా కూతురి జ్ఞానతండ్రి. చెప్పకూడదు."

గుమస్తా టైపు చెయ్యడం ఆపి జడ్జి వైపు చూశాడు. "ఇది రాయమంటారా సార్?"

జడ్జి నా వైపు ఒకసారి చూశాడు. "రాయి" అన్నాడు. గుమస్తా టకటకా కొట్టాడు. కాగితం మీద అది ఎంత వెర్రి మాటగా కనిపించిందో తర్వాత నకలులో చూశాను. పేజీ మొత్తం చట్టం, మధ్యలో ఒక కొవ్వొత్తి.

తీర్పులో జడ్జి తాళం గురించి రెండు పేజీలు రాశాడు. అసలు డిస్కు ఆడించడానికి మాత్రమే తాళం తీస్తే దాన్ని నేరమనడానికి తనకి మనసొప్పదన్నాడు. ఆ రెండు పేజీలు నెల్లి చదివి వినిపించింది. మూడో పేజీలో అయితే అని మొదలైంది. అయితే, నిందితుడు స్వయంగా తనదని ఒప్పుకున్న కాపీ డిస్కు. అయితే, గోడలో కన్నం. అయితే, సాక్షి. మూడేళ్ళ శిక్ష, జైలు లేకుండా నిలుపుదల, నెలనెలా వచ్చి సంతకం. తాళం మీద గెలిచాను, డిస్కు మీద ఓడిపోయాను. బయటికొచ్చాక బెహరానో డాక్టరమ్మ గోడకి ఆనుకుని ఫైలు మూసింది. తర్వాత అంది: "మీరు మొదటి రోజు నాకు చెప్పి ఉంటే..." మిగతాది పూర్తి చెయ్యలేదు. మంచి పిల్ల.

అప్పీలు చేద్దామంది. అప్పీలు తేలేదాకా ఆగమని సంఘానికి అర్జీ పెట్టాను. ఆదివారం సభలో ఆ అర్జీ చదివింది సెక్రటరీ. సెక్రటరీ ఎవరో మీకు తెలుసు. చదివి, కాగితం మడిచి, గొంతు సవరించుకున్నాడు.

"ఫావుస్తో అందరికీ కావలసినవాడు. నాకు మరీ. గుండె కోసుకుపోతోంది. కానీ రూలు రూలే. గ్యాలరీకి సీలు పడితే మూడు వందల కుటుంబాలు ఏమైపోతాయి?"

"కోసుకుపోయేది గుండెనా, మన మధ్య చెక్కనా?" అన్నాను వెనక నుంచి.

ఎవరూ నవ్వలేదు. పక్కన ఉన్నవాళ్ళు చెప్పులు చూసుకున్నారు. మూడు వందల మందికీ తెలుసు ఆ డిస్కులు ఎవరివో. ప్రతి పండక్కీ వాళ్ళ పిల్లలకి కొనిపెట్టింది అక్కడే. కానీ పేరు చెప్పడం తప్పని నాకు నేర్పింది వాళ్ళే, నేను నేర్చుకుంది అక్కడే. చేతులు లేచాయి. కొన్ని నిదానంగా లేచాయి, కానీ లేచాయి. ఖాళీ అయిన కొట్టు మొదట పక్క కొట్టు సభ్యుడికి ఇవ్వజూపాలని ఇంకో రూలుంది. అది కూడా చదివాడు, అదే గొంతుతో.

సామాను తెచ్చుకోవడానికి మంగళవారం వెళ్ళాను. షట్టరు పైకే ఉంది. అప్పటికే మధ్య చెక్క సగం కోసేశారు. కన్నం ఉన్న ముక్క నేల మీద పడి ఉంది, దాని మీద రంపప్పొడి. ఎవరిస్తో అవతల నిలబడి వడ్రంగికి ఏదో చెబుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

"కొంపాద్రే. కోపం ఉంటుంది, తెలుసు. నాకు ఇద్దరు పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు. నువ్వయితే మొదటిసారి, జైలు ఉండదని మా లాయరు ముందే చెప్పాడు. నాకు పాత కేసు ఒకటుంది, నేనైతే లోపలికే. ఆలోచించు."

"ఆలోచించాను."

"రా, ఇక్కడే కూర్చో. నీ మూల నీకే. ఫోన్లు బాగుచెయ్యి. వచ్చిందాంట్లో సగం సగం."

"నా మూలలో నన్ను పనికి పెట్టుకుంటావా?"

"తప్పేముంది? అదే కుర్చీ, అదే లైటు."

"మా అమ్మాయి వచ్చే ఏడు చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకుంటుంది. దానికి కొత్త జ్ఞానతండ్రిని వెతుకుతున్నాం. ఫాదరు అలా కుదరదంటున్నాడు, ఒకసారి పట్టిన కొవ్వొత్తి పట్టినట్టేనట. నీ పేరు ఆ పుస్తకంలో ఉండిపోతుంది ఎవరిస్తో. అదొక్కటే నీకు నా దగ్గర మిగిలింది."

పేరు పెట్టి పిలవగానే మొహం మాడింది. పన్నెండేళ్ళలో అతని పేరు నా నోట్లోంచి వినడం అదే మొదలు. పైన ఎవరో పిలుస్తున్నారని మెట్లెక్కి పోయాడు.

సోల్డరింగ్ గన్ను, స్టాండు, భూతద్దం, పసుపు స్టిక్కర్ల చుట్ట అట్టపెట్టెలో పెట్టుకున్నాను. వడ్రంగి కొత్తవాడు, ఊరి నుంచి వచ్చి నెల కూడా కాలేదు. నేనెవరో తెలీదు. ఆ గోడ నుంచి ఈ గోడకి కొత్త అరలు కొట్టాలట. టేపు ఒక్కడికే అందట్లేదు.

"మేస్త్రీ, కాస్త ఆ కొస పట్టుకోండి."

పెట్టె కింద పెట్టి పట్టుకున్నాను. నేను మోసిన ఇటుకల గోడకి ఆనించి, వేలితో నొక్కి పట్టుకున్నాను. అతను పెన్సిల్ చెవి మీంచి తీసి నా కొట్టు కొలతలు అట్టముక్క మీద రాసుకుంటూ పైకి చదివాడు. పొడవు రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. వెడల్పు ఒక మీటరు ముప్పై అయిదు.